డొప్పల చప్పుడు

రిఫరీ ఒక మోకాలు నేలకానించి కూర్చుని, చూపుడువేలు మడిచి, మొదటి పిల్ల కాలి మీద కొట్టింది. టక్. రెండో కాలి మీద కొట్టింది. టక్. సాక్సు మోకాలి దాకా లాగి ఉందో లేదో చూసింది. బూటు ఎత్తించి అడుగున అరచెయ్యి రాసింది. అక్కడి బుడిపెలు అరిగి పదునెక్కితే అరచేతికి తెలిసిపోతుంది. చెవులూ మెడా బోసిగా ఉన్నాయని చూసుకుని, చొక్కా అంచు లాగు లోపలికి దోపుకోమని సైగ చేసి, "ఊఁ" అంది. ఆ పిల్ల పక్కకి తప్పుకుంది. రెండో పిల్ల ముందుకొచ్చింది.

ఆడపిల్లల హైస్కూలు ఫుట్‌బాల్ పోటీల్లో ఆమెను అందరూ టక్‌టక్ మేడం అంటారు. అంటారని ఆమెకు తెలుసు. కాలి ముందెముక విరక్కుండా సాక్సు లోపల పెట్టుకునే ప్లాస్టిక్ పలకల్ని పిల్లలు డొప్పలంటారు. డొప్పలు లేకపోతే ఆడకూడదు. ఎవరు పెట్టుకున్నారో ఎవరు పెట్టుకోలేదో సాక్సు పైనుంచి కంటికి తెలియదు. అందుకని ఆమె కొట్టి చూస్తుంది. అసలైన డొప్ప టక్ మంటుంది. అట్టముక్క డబ్ మంటుంది. ఏమీ లేకపోతే ఏమీ అనదు.

అది చిన్న బడి. మైదానం అంతా గులకరాళ్ళు. ఆటల మాస్టారంటూ లేరు కాబట్టి డ్రాయింగు మాస్టారే జట్టును చూసుకుంటారు. ఆయన చొక్కా చేతుల మీద రంగు సుద్దల పొడి ఉంది. ఆయన చేతులు కట్టుకుని, తనను కూడా తనిఖీ చేస్తారేమో అన్నట్టు వరస చివర నిలబడ్డారు.

మధ్యలో ఒక పిల్ల ఎడమకాలు టక్ మన్నాక, వెనకే సన్నగా ఒక చీలిక చప్పుడు వచ్చింది. అంచు చిట్లిన డొప్ప. విరగలేదు, పనికొస్తుంది. "ఊఁ" అంది రిఫరీ. తనిఖీ అయిన పిల్లలు నీళ్ళ బిందె దగ్గరికని వరస వెనక్కి పోతున్నారు. అక్కడ గుసగుసలూ, కిసుక్కున నవ్వులూ.

వరసలో పదకొండో పిల్ల అందరికంటే పొట్టిది. ఆ పిల్లని పిచ్చుక అంటారు. రిఫరీ కుడికాలు కొట్టింది. టక్. ఎడమకాలు కొట్టింది. టక్, వెనకే అదే చీలిక చప్పుడు.

రిఫరీ వేలు తీయలేదు. "సాక్సు దించు."

పిచ్చుక దించింది. డొప్ప మోకాలి చిప్పని దాటి పైకొచ్చింది. వేరే కాలి చెమటతో ఇంకా వెచ్చగా ఉంది.

"ఎవరిది?"

"నాదే మేడం."

"నీదైతే మోకాలెందుకు దాటింది?"

"పెరుగుతానని పెద్దవి కొన్నారు మేడం."

వెనక బిందె దగ్గర ఎవరో ఆపుకోలేక నవ్వారు. డ్రాయింగు మాస్టారు ముందుకొచ్చారు. "పది జతలే ఉన్నాయి మేడం. బడికి మాట ఇచ్చినవాళ్ళు ఇంకా పంపలేదు. అది మా వాళ్ళు చేసిన తప్పే."

"అయితే పదిమందే ఆడతారు మాస్టారూ."

"నాకు అక్కర్లేదు మేడం," అంది పిచ్చుక. "నన్నెవరూ అందుకోలేరు. అందితే కదా తన్నేది."

"నియమం నీ పరుగు చూడదు. నీ కాలు చూస్తుంది."

పిచ్చుక సాక్సులు విప్పి, డొప్పలు తీసి, నీళ్ళ బిందె దగ్గరున్న పిల్లకి ఇచ్చేసింది. ఆ రోజు మాస్టారి పక్కన బల్ల మీద కూర్చుని, గడ్డం కింద రెండు పిడికిళ్ళూ పెట్టుకుని ఆట చూసింది. పదిమందే ఆడారు. ఒకే ఒక్క గోలుతో గెలిచారు.

ఆట అయ్యాక రిఫరీ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పిచ్చుక వచ్చి నిలబడింది.

"మేడం, ఒకటి అడగనా?"

"అడుగు."

"శనివారం మాకు పెద్ద బడి వాళ్ళతో. వాళ్ళ డొప్పలు ఖరీదైనవట. అవెలా మోగుతాయి మేడం? ఇలాగే టక్ మంటాయా, ఇంకోలా అంటాయా?"

పిల్ల ఎత్తిపొడవడం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. రిఫరీ కుళాయి కట్టేసింది. అది సరిగ్గా కట్టుకోక చుక్కలు పడుతూనే ఉన్నాయి.

"నువ్వు శనివారానికి డొప్పలు సంపాదించుకో," అంది.

పిచ్చుక జవాబు కోసం ఇంకాసేపు నిలబడి, రాకపోయేసరికి వెళ్ళిపోయింది.

*

మామూలు రోజుల్లో రిఫరీ ఒక గోడౌనులో పనిచేస్తుంది. నేలకు పరిచే పలకలు అక్కడికి లారీల్లో వస్తాయి. విడిగా వచ్చిన పలకను ఎడమచేతి వేళ్ళ కొసల మీద నిలబెట్టి, కుడిచేతి కణుపుతో కొట్టాలి. మంచిది గంటలా మోగుతుంది. కంటికి కనపడని పగులుంటే గొంతు పట్టేసినట్టు పలుకుతుంది. మంచివి ఇటు, పగిలినవి అటు. పొద్దుటి నుంచి అదే పని. కణుపు మీద చర్మం ఎప్పుడో మొద్దుబారిపోయింది.

పెద్ద కంపెనీ పెట్టెలు మాత్రం సీలుతో వస్తాయి. వాటిని విప్పరు. లెక్కపెట్టి లోపలికి తోసేస్తారు.

శుక్రవారం ఆమె చెయ్యి ఒక సీలు పెట్టె మీద ఆగింది.

"దాని జోలికెందుకమ్మా?" అన్నాడు గోడౌను యజమాని, టీ గ్లాసుతో అటు పోతూ. "పేరున్న సరుకు."

"ఊరికే," అంది ఆమె.

పెద్ద బడికి ఆమె నాలుగేళ్ళుగా వెళుతోంది. అక్కడి ఆఫీసు గది చల్లగా ఉంటుంది. గాజు బీరువాలో కప్పులు వరసగా ఉంటాయి. పొడుగ్గా ఉండే కోచ్ లేచి నిలబడి కుర్చీ చూపిస్తాడు. చల్లటి పళ్ళరసం వస్తుంది. "అంతా సవ్యమేనా సార్?" అని ఆమె అడుగుతుంది. "సవ్యమే మేడం," అని అతనంటాడు. తనిఖీ అయిపోతుంది. అందులో తప్పేం లేదు. పిల్లలు నియమం ప్రకారం ఉన్నారని కోచ్ మాట ఇవ్వాలి, అనుమానం ఉంటే రిఫరీ స్వయంగా చూసుకోవచ్చు అని నియమంలోనే ఉంది.

అనుమానం ఉంటే. నాలుగేళ్ళలో ఆమెకు పెద్ద బడి మీద అనుమానం ఒక్కసారీ రాలేదు. చిన్న బళ్ళ మీద రాకుండా ఒక్కసారీ ఉండలేదు. ఏ చిన్న బడి పిల్లల కాళ్ళు ఎలా మోగుతాయో కళ్ళు మూసుకుని చెప్పగలదు. పెద్ద బడి కాళ్ళ చప్పుడు గుర్తు చేసుకోబోతే చల్లటి గ్లాసు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం లీగు సెక్రటరీ ఫోన్ చేశాడు.

"రేపు సెమీఫైనల్ నీదే అమ్మా. గొడవేమీ లేకుండా దాటించావంటే ఫైనల్ కూడా నీకే ఇద్దామనుకుంటున్నాం. ఇంతవరకూ ఆడవాళ్ళెవరూ ఫైనల్ చేయలేదు మన దగ్గర. తెలుసుగా?"

"తెలుసు సార్. గొడవంటే ఏం గొడవ?"

"ఏ గొడవైనా," అన్నాడాయన.

సాయంత్రం ఇంట్లో ఆమె నల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే, భర్త వాకిట్లో కూర్చుని ఆమె బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. రిఫరీ అయిన మొదటి ఏడు నుంచీ అది అతని పని. ఎవరూ చెప్పలేదు, తనే పెట్టుకున్నాడు. అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది.

"ఫైనల్ ఇస్తారట అత్తయ్యా. రేపు సవ్యంగా జరిగితే."

"అయితే నేనూ వస్తాను. ఎండగా ఉంటుందేమో, గొడుగు తెచ్చుకోవచ్చా? లేక దానిక్కూడా మీ నియమం ఉందా?"

"తెచ్చుకోవచ్చు."

"నల్లది తేనా, పూలది తేనా?"

"ఏదైనా ఫరవాలేదు అత్తయ్యా."

అత్తగారు ఒక కాయ ఒలిచి, పుచ్చు గింజని గోటితో ఎగరగొట్టింది. "ఊళ్ళో పిల్లల కాళ్ళన్నీ పుచ్చకాయల్లా కొట్టి చూస్తావటగా. బజారులో చెప్పుకుంటున్నారు."

"మీరు పుచ్చకాయ కొట్టి చూడకుండా తెస్తారా?"

"పుచ్చకాయేమిటి, కుండైనా కుర్చీ అయినా కొట్టి చూసే తెస్తాను. నిన్నొక్కదాన్నే మీ మామయ్య మాట మీద నమ్మి తెచ్చుకున్నాం."

"మోగుతూనే ఉందిగా అమ్మా," అన్నాడు భర్త, బూటు మీదనుంచి తలెత్తకుండా.

రిఫరీ కూడా నవ్వింది. ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆగితే జేబు దగ్గర బట్ట మెరిసింది. తడిగుడ్డ వేసి సరిచేసుకుంది.

*

శనివారం పెద్ద బడి మైదానంలో పచ్చిక తివాచీలా కత్తిరించి ఉంది. సున్నం గీతలు తాజాగా గీశారు. ఒక పక్కన షామియానా వేశారు. దాని నీడలో లీగు సెక్రటరీ, ఇంకొందరు పెద్దలు కూర్చున్నారు.

ఆఫీసు గదిలో పళ్ళరసం వచ్చింది.

"అంతా సవ్యమేనా సార్?"

"సవ్యమే మేడం. ఎప్పటిలాగే," అన్నాడు కోచ్.

ఆమె గ్లాసు ముట్టుకోలేదు. "ఎండలో పరిగెత్తాలి కదండీ," అని లేచింది.

చిన్న బడి పిల్లలు అప్పటికే వరసలో నిలబడి ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే ఒక్కో కాలు ముందుకు చాపి ఉన్నారు, సూది మందుకి చేతులు చాపినట్టు. చివర పిచ్చుక. ఆ పిల్ల సాక్సుల లోపల ఏదో ఉంది. చదరంగా, అంచులు పైకి తెలుస్తూ ఉంది. రిఫరీ మొదటి పిల్ల ముందు ఆగింది. కూర్చోలేదు.

ఒక మాట ఆమె నిన్న పలకలు కొడుతూనే అనుకుంది. కొట్టకపోతే తెలియదు. తెలియకపోతే తప్పు లేదు. అక్కడ ఒకరి మాట నమ్మినప్పుడు ఇక్కడ ఒకరి మాట నమ్మడానికేం? ఆమె డ్రాయింగు మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, మీ పిల్లలందరూ నియమం ప్రకారమే ఉన్నారా?"

మాస్టారికి అర్థం కాలేదు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశారు.

"మిమ్మల్నే. మీరు అవునంటే చాలు. నేను చూడక్కర్లేదు."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిచ్చుక పాదాలు దగ్గరికి చేర్చుకుంది. మాస్టారు వరసంతా ఒక్కసారి చూసి, గొంతు సవరించుకున్నారు. చేతి మీది సుద్దపొడి దులుపుకున్నారు.

"పదిమంది సవ్యమే మేడం. చివరి పిల్లవి అట్టలు. పాలపొడి డబ్బాల పెట్టె చింపి, టేపు చుట్టాం."

"మాస్టారూ," అంది ఒక పిల్ల, ఏడుపు గొంతుతో.

"అడిగారు కదమ్మా," అన్నారాయన.

రిఫరీ ఆయన్నే చూస్తూ నిలబడింది. ఒక్క అబద్ధం చాలు, నమ్ముదామని సిద్ధపడే వచ్చింది. ఆయన్ని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఇన్నాళ్ళకి అడిగితే, ఉన్న మాట చెప్పేశారు. ఇప్పుడిక తెలియదని అనడానికి లేదు.

"ఆ పిల్ల ఆడడానికి లేదు," అంది.

పిచ్చుక వంగింది. సాక్సులోంచి అట్టముక్కలు తీసి, వాటి మీదున్న ఆవు బొమ్మను బోర్లించి గడ్డి మీద పెట్టి, బల్ల దగ్గరికి నడిచింది.

రిఫరీ మైదానం దాటి అవతలి వైపు వెళ్ళింది. పెద్ద బడి పిల్లలు బంతి తన్నుకుంటున్నారు.

"వరసలో నిలబడండమ్మా."

కోచ్ దగ్గరికొచ్చాడు. "మేడం, టైమైపోతోంది. చెప్పాను కదా."

"చెప్పారు సార్."

ఆమె కెప్టెన్ ముందు మోకాలానించి కూర్చుని కొట్టింది. చప్పుడు రాలేదు. వేలికి మెత్తగా కాలే తగిలింది. రెండో కాలూ అంతే.

"డొప్పలేవి?"

"సంచీలో ఉన్నాయి మేడం," అంది కెప్టెన్, అదేదో చిన్న విషయంలా. "పెట్టుకుంటే చెమట పడుతుంది."

తరవాతి పిల్ల కాలు టిక్ మంది. టక్ కాదు, టిక్. సాక్సు దింపిస్తే, సబ్బు బిళ్ళంత డొప్ప ఎముక మధ్యలో అతుక్కుని ఉంది.

"ఇది నీదేనా?"

"మా చెల్లిది మేడం. రెండో తరగతి. చిన్నదైతే కాలు తేలిగ్గా ఉంటుంది. ఇప్పుడు అందరూ ఇవే పెట్టుకుంటున్నారు."

అందరూ కాదు గానీ సగానికి పైగా అవే పెట్టుకున్నారు. పెరుగుతానని పెద్దవి కొన్నారన్న పిల్ల మాట గుర్తొచ్చింది రిఫరీకి. పెదవుల దాకా వచ్చిన నవ్వును అక్కడే ఆపింది.

"కాలికి సరిపడా కొలతవి పెట్టుకుంటేనే ఆట సార్."

"మేడం," అన్నాడు కోచ్, గొంతు తగ్గించి. "మీరు నన్ను అడిగారు, నేను మాటిచ్చాను. మళ్ళీ ఇదేమిటి?"

"ఆ మాస్టార్నీ అడిగాను సార్. ఆయనా చెప్పారు."

కోచ్ స్టోరు గది మనిషిని కేకేశాడు. అతను ఒక సంచి మోసుకొచ్చి గడ్డి మీద కుమ్మరించాడు. కొత్త డొప్పలు, కవర్లు కూడా విప్పనివి, గలగలా పడ్డాయి. పిల్లలు విసుక్కుంటూ కూర్చుని, కవర్లు పళ్ళతో చింపి పెట్టుకున్నారు. షామియానా కింద సెక్రటరీ వాచీ చూసుకున్నాడు. రిఫరీ మళ్ళీ మొదటినుంచీ కొట్టుకుంటూ వచ్చింది. అందరి కాళ్ళూ మోగాయి.

గడ్డి మీద ఇంకా సగం కుప్ప మిగిలింది. స్టోరు మనిషి వాటిని సంచిలోకి ఎత్తుతున్నాడు.

"ఒక జత ఆ పిల్లకి ఇప్పిస్తారా సార్, ఈ ఒక్క ఆటకి?" అంది రిఫరీ.

కోచ్ నవ్వాడు. "మీరు రిఫరీయా మేడం, వాళ్ళ మేనత్తా?"

ఆమె మొహం వేడెక్కింది. అతను అన్నదాంట్లో తప్పు పట్టడానికి లేదు. రిఫరీ అడగవలసిన మాట కాదది. సంచి మూతి బిగించారు. ఆమె మధ్యగీత దగ్గరికి వెళ్ళి విజిల్ ఊదింది.

పదిమందికి పదకొండు మంది. సగం ఆటయ్యేసరికి పెద్ద బడి రెండు గోల్స్ కొట్టింది.

విరామంలో సెక్రటరీ గీత దాకా నడిచొచ్చాడు. ఆమె నీళ్ళు తాగుతోంది.

"ఏమిటమ్మా ఇది? పెద్దల్ని పిలిచి కూర్చోబెడితే, వాళ్ళ ముందే ఆ పిల్లల చేత సాక్సులు విప్పిస్తావా?"

"నియమం తప్పానా సార్?"

"తప్పావని ఎవరన్నారు? ఇన్నేళ్ళూ నడిచిన పద్ధతి ఒకటుంది కదా. నియమం నీకొక్కదానికే తెలిసినట్టు చేశావు." ఆయన కోపంగా లేడు. అలసిపోయినట్టున్నాడు. "ఫైనల్‌కి ఇంకెవరినైనా చూసుకుంటాంలే. నీకు మరో ఏడు ఇద్దాం."

"సరే సార్," అంది. నల్ల గొడుగా పూల గొడుగా అన్న అత్తగారి మాట గుర్తొచ్చింది. సీసా మూత బిగించి గీత పక్కన పెట్టింది.

రెండో సగంలో చిన్న బడి వాళ్ళు అనుకోకుండా ఒక గోల్ కొట్టారు. ఇక వాళ్ళకి కాళ్ళలో ఓపిక మిగల్లేదు. ఆట ముగింపుకి వస్తుండగా, చిట్లిన డొప్ప పెట్టుకున్న పిల్ల పిక్క పట్టేసి కూలబడింది. ఇద్దరు పిల్లలు భుజాలు పట్టుకుని బయటికి నడిపించారు. మాస్టారు చెయ్యెత్తారు. ఆటగత్తె మార్పు.

గీత అవతల, పడిపోయిన పిల్ల పడుకునే సాక్సులు దించుకుంది. పిచ్చుక ఆ డొప్పలు లాక్కుని, అవి మోకాలు దాటి పైకి రాకుండా కిందికి నొక్కి, సాక్సులు లాగి, పైన రెండు చుట్లు టేపు చుట్టించుకుంది. లేచి కాలు ముందుకు చాపింది.

లోపలికి వచ్చే ఎవరినైనా చూడాల్సిందే. రిఫరీ పరిగెత్తి వెళ్ళి కూర్చుంది. కుడికాలు టక్. ఎడమకాలు టక్, వెనకే చీలిక చప్పుడు. డొప్ప వెచ్చగా, తడిగా ఉంది.

"ఊఁ," అంది.

పిచ్చుక గీత దాటింది.

మొదట బంతి అందలేదు. రెండోసారి అందింది. ఆ పిల్ల పచ్చిక మీద ఎప్పుడూ పరిగెత్తి ఉండదు, గులకరాళ్ళ మీద అలవాటైన కాళ్ళు అక్కడ నేలకు ఆనినట్టే లేవు. ఒకరిని దాటింది. ఇద్దరిని దాటింది. షామియానా కింద ఎవరో లేచి నిలబడ్డారు. గోల్ ఇంకో ఇరవై గజాలుందనగా వెనకనుంచి కెప్టెన్ కాలు చాపి దూకింది.

టక్.

మైదానం అంతా వినపడింది. రిఫరీ విజిల్ ఊది పరిగెత్తింది. పిచ్చుక బోర్లా పడి, మెల్లగా దొర్లి, కూర్చుని, సాక్సు దించింది. డొప్ప మీద తెల్లటి గాటు పడింది. దాని కింద కాలు నున్నగా ఉంది. పిల్ల ఆ గాటు మీద వేలు రాసి చూసుకుంది. గడ్డి మీద వదిలేసిన ఆవు బొమ్మ అట్టముక్కల వైపు ఒకసారి చూసింది.

"అందుకున్నారు మేడం," అంది.

రిఫరీ కెప్టెన్‌కి పసుపు కార్డు చూపించి, దెబ్బ తగిలిన చోట బంతి పెట్టించింది. ఆ బంతి గోల్ స్తంభానికి కొట్టుకుని వెనక్కి వచ్చింది. తరవాత ఎవరికీ గోల్ పడలేదు. పెద్ద బడి గెలిచింది.

ఆమె కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పిచ్చుక వచ్చింది. డొప్పలు తిరిగి ఇచ్చేసి, సాక్సులు చీలమండల దాకా దించేసింది.

"మేడం. ఆ రోజు మీరు చెప్పలేదు."

"ఏమిటి?"

"వాళ్ళవెలా మోగాయి?"

రిఫరీ కుళాయి కట్టేసింది. ఇక్కడి కుళాయి ఒక్క తిప్పుకే ఆగింది.

"ముందు మోగలేదు," అంది. "తరవాత మీవాటిలాగే మోగాయి."

పిచ్చుక తలూపింది. తన వాళ్ళ దగ్గరికి పోతూ పోతూ వంగి, మడిచిన వేలితో ఖాళీ కాలి మీద కొట్టి చూసుకుంది.